సామాన్యుని పేరు, నాయకుని నోరు

అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు అని మన పెద్దలు చెప్పుచుందురు. సొమ్ము ఒకరిది, దాత యను కీర్తి వేరొకరిది. మన దేశమున నేడిట్లు దానమగుచున్న సొమ్ములన్నిటిలో మిక్కిలి విలువైనది సామాన్యుని పేరు.

శాసనసభలో లేచిన సభ్యుడు "ప్రజలు కోరుచున్నారు" అనును. బహిరంగసభలో రైతన్నలను, నేతన్నలను, అక్కచెల్లెమ్మలను, అవ్వాతాతలను వరుసపెట్టి పిలుచును. రేడియోలో మారుమూల పల్లెలోని కుమ్మరి కథ చెప్పును. టెలివిజనులో ఒక ముసలమ్మ తల నిమురును. మరునాడు కూడలిలోని ఫ్లెక్సీమీద ఆ ముసలమ్మ గోరంతగాను, ఆయన కొండంతగాను కనబడుదురు. రాత్రి భోజనమువేళ మన చేతిలోని ఫోను మ్రోగును; ఎత్తినచో ముందుగా రికార్డు చేసి పెట్టిన ఆ గొంతే మన క్షేమమడుగును. మనము బదులు చెప్పబోయిన ఆ గొంతు ఆగదు. ఏలయన, అది అడుగుటకు వచ్చినదేగాని వినుటకు వచ్చినది కాదు.

చదువరులారా, మేమీ వ్యాసమున ఏ యొక్క పక్షమును దూషింపబూనలేదు. ఈ దోషము ఒక జెండాకు పరిమితమైనది కాదు. మా వాదమిది: సామాన్యుని పేరు వాడుకొనువాడు ఆ పేరునకు బాకీపడినవాడు. ఆ బాకీ తీర్చునంతవరకు ఆ పేరు పలుకుట ప్రజాసేవ కాదు, ఎరువు తెచ్చిన నగతో ఊరేగుట. నగ పోయినచో నష్టము ఊరేగినవానికి కాదు, ఇచ్చినవారికి.

మొదట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. ప్రజాప్రభుత్వమున ప్రతినిధి ప్రజల పేరు చెప్పక మరెవ్వరి పేరు చెప్పును? మన రాజ్యాంగమే 1949వ సంవత్సరము నవంబరు 26వ తేదీన భారత ప్రజలమైన మేము అను అర్థముగల మాటలతో ఆరంభమైనది కదా! అది నిజమే. కాని ఆ "మేము" అను మాటవెనుక సుమారు మూడేండ్ల చర్చ యున్నది. ప్రతి అధికరణమునకు సవరణలున్నవి, వాదములున్నవి, వ్రాతప్రతులున్నవి. ఆ మాటను ఎవరైనను నిలదీయవచ్చును, న్యాయస్థానమునకు ఈడ్చవచ్చును. వేదికమీది నాయకుడు "ప్రజలు నాతో నున్నారు" అన్నప్పుడు ఆ మాటను నిలదీయుటకు మనకేమి సాధనమున్నది? అదియే భేదము.

గాంధీమహాత్ముడు తన చివరి దినములలో నొక పరీక్షను చెప్పెను. సందేహము కలిగినప్పుడు, నీవు చూచినవారిలో కడు పేదవాని, కడు దుర్బలుని ముఖమును జ్ఞప్తికి తెచ్చుకొని, నీవు చేయబోవు పని వానికేమైన ఉపయోగపడునా యని ప్రశ్నించుకొనుమనెను. ఈ మాట మన పాఠ్యపుస్తకములలో అచ్చయినది. కచేరీల గోడలకును ఎక్కినది. కాని దీనిలోని కీలకమును మన నాయకులు తలక్రిందులు చేసిరి. ఆ ముఖమును నీలో నీవు తలచుకొనుమని మహాత్ముడనెను. ఇతరులకు చూపుమని యనలేదు. నీవు చూచినవాని ముఖమనెను. నీ అనుచరులు వెదకి తెచ్చినవాని ముఖమనలేదు. పనికి ముందు తలచుకొనుమనెను. పని ముగిసిన పిమ్మట ప్రక్కన నిలుపుకొనుమనలేదు. మనస్సాక్షికి చెప్పిన మందును మనవారు ముఖమునకు పూసుకొనుచున్నారు.

ఇక ఒక్కొక్క సాధనమునే పరిశీలింతము.

మొదటిది వేదిక. తెలుగుదేశమున వేదికమీది భాషను మార్చినవారిలో నందమూరి తారకరామారావుగారు ముఖ్యులు. 1982 మార్చి 29వ తేదీన పార్టీని స్థాపించి, వాహనమెక్కి ఊరూర తిరిగి, "తెలుగింటి ఆడపడుచులారా" అని స్త్రీలను పిలిచిరి. తొమ్మిది నెలలలో అధికారము వారిదయ్యెను. అంతకు ముందు ఓటరుగా మాత్రమే లెక్కలోనున్న స్త్రీ ఆ ఒక్క పిలుపుతో ఇంటిపిల్ల అయ్యెను. ఆడపడుచు అను మాటకు మన యిండ్లలో ఎంత బరువున్నదో పాఠకురాండ్రకు మేము చెప్పనక్కరలేదు. ఆడపడుచునకు పుట్టింట పసుపుకుంకుమలున్నవి, సారె యున్నది, అలుగుటకు హక్కున్నది. ఆ వరుసతో పిలిచినవాడు పెట్టుబోతలకు సిద్ధపడవలెను.

ఇక్కడ న్యాయము చెప్పవలెను. ఆ పిలుపు అప్పుడు వట్టిపోలేదు. 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయము వెలసెను. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెచ్చిన సవరణచే, 1985 సెప్టెంబరు 5వ తేదీ మొదలుకొని, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతోడి సమానహక్కు కలిగెను. దేశమంతటికిని అట్టి హక్కు వచ్చుటకు 2005వ సంవత్సరము రావలసివచ్చెను. ఆడపడుచు అని పిలిచినందుకు ఆస్తిలో భాగమిచ్చుట బాకీ తీర్చుట. మేము వరుసలు పెట్టి పిలుచుటను నిందింపము; వరుస పెట్టి పిలిచి వాటా మరచుటను నిందింతుము. నేడు ప్రతి వేదికనుండియు అక్కలు, చెల్లెండ్రు, అవ్వలు, తాతలు కురియుచున్నారు. ఆ చుట్టరికముచే చెల్లెలికి దక్కిన హక్కేమని అడిగిన, సొమ్ము జమయైన తేదీ చెప్పుదురు. హక్కు వేరు, జమ వేరు. హక్కు ప్రభుత్వము మారినను నిలుచును. జమ బటను నొక్కువాని వ్రేలిమీద ఆధారపడును.

పాదయాత్ర వేదికకంటె మేలైనది. 2003 వేసవిలో రాజశేఖరరెడ్డిగారు చేవెళ్లనుండి ఇచ్ఛాపురమువరకు నడచిరి. 2012లో చంద్రబాబునాయుడుగారు హిందూపురమునుండి బయలుదేరిరి. 2017 నవంబరునుండి 2019 జనవరివరకు జగన్మోహనరెడ్డిగారు ఇడుపులపాయనుండి ఇచ్ఛాపురమునకు నడచిరి. నడచువాడు చూడక తప్పదు, కొంత వినకయు తప్పదు. కాని ముగ్గురి విషయమునను ఒక్కటే ప్రశ్న: దారిలో విన్న చెవి పీఠమెక్కిన పిమ్మట ఏమయ్యెను? నడచినప్పుడు ఎదుట నిలిచి మొరపెట్టినవాడే, పీఠమెక్కిన నాయకుని జూచుటకు పోయిన, కంచెలును కాపలావారును దాటజాలక వెనుదిరుగును. అతడు చెప్పిన కథ మాత్రము సభలలో తిరుగుచుండును.

రెండవది చట్టసభ. 2008 జూలై 22వ తేదీన, అమెరికాతోడి అణు ఒప్పందమువలన విశ్వాసపరీక్ష వచ్చినప్పుడు, రాహుల్ గాంధీగారు లోకసభలో విదర్భలోని ఒక పేద వితంతువు పేరెత్తి, అణు ఒప్పందమును సమర్థించుచు వాదించిరి. వారు ఆమెను చూచిన మాట నిజమే. ఆమె పేదరికమును నిజమే. కాని ఆమె భర్త పత్తిరైతు. అప్పులబాధకు ప్రాణము తీసికొనినవాడు. ఆ యిల్లాలి మొదటి దుఃఖము అప్పు, పంటధర. ఆ దుఃఖమునకును అణు ఒప్పందమునకును నడుమ ఎంత దూరమున్నది! ఒప్పందము మంచిదో చెడ్డదో మేమిక్కడ తీర్పు చెప్పము. ఆమె సమ్మతిని అడుగు అవకాశమే లేని వాదములో ఆమె సాక్షిగా నిలువబడినదని మాత్రము చెప్పుదుము. ఎదురుప్రశ్న వేయ వీలులేని సాక్ష్యము ఏ న్యాయస్థానమునను చెల్లదు. చట్టసభలో మాత్రము చప్పట్లు తెచ్చును.

మూడవది రేడియో. 1933 మార్చి 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు బ్యాంకులు మూతపడిన వేళ రేడియోముందు కూర్చుండి, మనము బ్యాంకులో వేసిన సొమ్ము ఏమగును, అది అన్నియు ఒక్క దినమున ఎందుకు తిరిగి ఈయజాలరు అను సంగతిని గృహస్థులకు అర్థమగునట్లు చెప్పెను. ఆయన సామాన్యుని పొగడుటతో ఆగలేదు. సామాన్యునికి తెలియవలసినది తెలిపెను. 1947 నవంబరు 12వ తేదీన, దీపావళి దినమున, గాంధీమహాత్ముడు ఢిల్లీ రేడియో భవనమునకు వెళ్లెను. ఆయన ఆ భవనమునకు పోయినది అదొక్క పర్యాయమే. కురుక్షేత్రపు శిబిరములో తలదాచుకొన్న దేశవిభజన బాధితులయొద్దకు స్వయముగా పోలేకపోయినందున, వారితో మాటాడుటకు పోయెను. వారిని గురించి లోకముతో మాటాడుటకు కాదు. ఈ రెంటికి గల తారతమ్యమును పాఠకులు గమనింతురుగాక.

2014 అక్టోబరు 3వ తేదీనుండి ప్రధానమంత్రి మోదీగారు "మన్ కీ బాత్" అను పేర రేడియోలో మాటాడుచు వచ్చిరి. 2023 ఏప్రిలునకు నూరు ప్రసంగములు పూర్తియయ్యెను. ఎవరును పట్టించుకొనని పల్లె గ్రంథాలయములను, చెరువులు త్రవ్వినవారిని, చేతిపనివారిని ఆ ప్రసంగములు దేశమునకు పరిచయము చేసినవి. ఇది మేలే. ఐనను అక్కడికి వచ్చు వేల ఉత్తరములలో ఏది చదువవలెనో నిర్ణయించునది చదువువారే. చెరువు త్రవ్వినవాని ఉత్తరము వినబడును. కూలిడబ్బు అందనివాని ఉత్తరము వినబడదు. సామాన్యుడు ఆదర్శముగా నున్నంతసేపు అతనికి స్థానమున్నది. ఫిర్యాదుగా మారిన క్షణమున లేదు. మెచ్చుకోలు ఎంత తీయనిదైనను జవాబు కాజాలదు.

నాలుగవది చిత్రము. సర్కారు ప్రకటనలలో నాయకుల బొమ్మలు మితిమీరినందున 2015 మే నెలలో సుప్రీముకోర్టు, రాష్ట్రపతి, ప్రధానమంత్రి, ప్రధాన న్యాయమూర్తి వీరి చిత్రములు తప్ప ఇతరులవి కూడదని ఆజ్ఞాపించెను. రాష్ట్రములును కేంద్రమును మొరపెట్టుకొనగా 2016 మార్చిలో గవర్నరులకు, ముఖ్యమంత్రులకు, మంత్రులకును ఆ తలుపు తెరువబడెను. ఒక్క యేడాది యైనను ఓర్చుకొనలేని ఆరాటమది! ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే జరిగిన పల్లెలలో రైతులకిచ్చిన పట్టాదారు పాసుపుస్తకములమీద ఆనాటి ముఖ్యమంత్రి బొమ్మ అచ్చయ్యెను. తాతముత్తాతలు దున్నిన చేను, తండ్రి చెమట, పుస్తకముమీద మాత్రము పాలకుని ముఖము. రైతులు దానిని సహింపలేదు. 2024లో ప్రభుత్వము మారిన తరువాత రాజముద్రతో పుస్తకములిచ్చుటకు నిర్ణయమయ్యెను. దీనినిబట్టి ఒక పక్షము చెడ్డది, వేరొకటి మంచిదని మేము చాటబోము. పండుగ సరకుల సంచికి "చంద్రన్న" పేరు పెట్టినవారును, పథకము పథకమునకు "జగనన్న" పేరు పెట్టినవారును ఒకే బడిలో చదివినవారు. సొమ్ము పన్నులది, పన్ను అగ్గిపెట్టె కొన్న అవ్వ చెల్లించినది. ఆమె సొమ్మే ఆమెకిచ్చి, ఆమెచే దండము పెట్టించుకొని, ఆ దండమును ఫొటో తీయించుట కంటె అత్తసొమ్ము సామెతకు తగిన ఉదాహరణము వేరొకటి కలదా?

ఆ ఫొటో ఖరీదు ఎవరు చెల్లింతురో మేము మా వీధిలోనే చూచితిమి. ఇంటింట గిన్నెలు తోమి బ్రతుకు ఒక వృద్ధురాలున్నది. పింఛను పుచ్చుకొను దినమున ఎవరో ఆమె ఫొటో తీసిరి. వారమునకు కూడలిలో ఆమె ముఖమును, దానిక్రింద ఆమె ఎన్నడును అనని మాటలును వెలసినవి. ఆమెకు చదువు రాదు. ఎవరో చదివి చెప్పిరి. నవ్వి ఊరకుండెను. ఎన్నికలైనవి, గెలుపు తారుమారైనది. అప్పటినుండి "నీవు వారి మనిషివి కదా" అని ఆమెను అడుగనివారు లేరు. పింఛను నిలిచిపోలేదు, కాని ప్రతినెల మొదటి తేదీన అది నిలిచిపోవునేమో యని ఆమె రాత్రి నిద్రపోదు. "అమ్మా, నేనెవరి మనిషిని?" అని ఆమె మా యింటి గడపలో కూర్చుండి అడిగినది. ఓడిన నాయకుడు తన యింటిలో సుఖముగా నున్నాడు. గెలిచిన నాయకుడును సుఖముగానే యున్నాడు. అరువు తెచ్చిన ముఖమునకు మాత్రము భయము మిగిలినది.

ఐదవది ఫోను. దీనిని మేము తక్కినవాటికంటె ఎక్కువగా అనుమానింతుము. బహిరంగసభలో చెప్పిన మాటను అందరును విందురు; రైతునకు చెప్పినది కూలి వినును, కూలికి చెప్పినది రైతు వినును. పరస్పరవిరుద్ధములైన వాగ్దానములు అక్కడ దాగవు. ఫోనులో అట్లు కాదు. వాట్సాప్ బృందములు కులమునకొకటి, వృత్తికొకటి, వీధికొకటి. ఒకచోట "మీరే అసలు ప్రజలు, వారు మీ కూడు తినువారు" అను సందేశము. ఇంకొకచోట ఆ వారికే "మీరే అసలు ప్రజలు" అను సందేశము. వేదికమీద ప్రజలు ఒక్కటి. ఫోనులో ప్రజలు నూరు ముక్కలు. ప్రతి ముక్కకును తానే మొత్తమని చెప్పబడును. ఇరుగుపొరుగుల నడుమ గోడలు లేచిన పిమ్మట, మరల వేదికమీద "మనమందరమొక్కటి" యని పాట!

"బీదలకు నాలుగు రూకలు ముట్టుచున్నవి కదా, పేరెవరిదైన నేమి?" అని కొందరు పెద్దమనుష్యులు మాతో వాదించిరి. పేరున ఏమున్నదో పై వృద్ధురాలి నడుగుడు. దాతయని ఒకని పేరు స్థిరపడినచో పుచ్చుకొనువారు యాచకులని స్థిరపడును. యాచకుడు లెక్కలడుగడు; పౌరుడు అడుగును. లెక్క లడుగువాడు ఉండకూడదనియే ఈ యేర్పాటంతయు.

సామాన్యులు తామై మాటాడిన సందర్భము మన కండ్లముందే కలదు. నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమము నడచెను. రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొన్న ఆడవారు సారాయిని గురించిన పాఠములు చదివి, తమ కథయే అచ్చులో చూచుకొనిరి. దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు పల్లెపల్లెకు ప్రాకెను. వారిని ఎవరును వేదికమీదనుండి పిలువలేదు. ఏ నాయకుడును వారి ఫొటో పట్టుకొని తిరుగలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అటుపిమ్మట ఆ స్త్రీల పేరు ప్రతి ప్రసంగమునను మారుమ్రోగెను. 1997లో ఆ నిషేధమును సడలించినప్పుడో, ఆ స్త్రీల నడిగినవారు లేరు. పేరు చెప్పుటకు పనికివచ్చినవారు సలహా చెప్పుటకు పనికిరాకపోయిరి. మా వాదమునకింతకంటె నిదర్శనమేల?

మరి చికిత్స యేమి? అదియును మన యొద్దనే యున్నది. రాజస్థానములో 1994నుండి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను శ్రామికసంఘము జనసునవాయిలు, అనగా బహిరంగ విచారణలు, జరిపెను. కూలిపట్టీలను ఊరిముందు బిగ్గరగా చదివిరి. పేరు చదువగానే ఆ పేరుగలవాడు లేచి, "నేనా పనికి పోలేదు", "నాకా కూలి ముట్టలేదు" అని చెప్పెను. చనిపోయినవారును పట్టీలలో కూలి పుచ్చుకొన్నట్లు బయటపడెను. ఆ పోరాటమే 2005 నాటి సమాచారహక్కు చట్టమునకు మూలములలో ఒకటి. ఉపాధిహామీ పనులకు ఆంధ్రప్రదేశ్‌లో 2006నుండి ఇట్టి సామాజిక తనిఖీలు ప్రభుత్వమే జరిపించి, దేశమునకు దారి చూపెను. సామాన్యుని పేరు పలుకుటకు తగిన స్థలమదియే. అక్కడ పేరు పలికిన వెంటనే పేరుగలవాడు అవునో కాదో చెప్పును. వేదికమీద పేరు అలంకారము. తనిఖీసభలో పేరు సాక్ష్యము.

ఇప్పుడు మనవైపు తిరుగుదము. చదువుకొన్న గృహస్థులమైన మనము నిర్దోషులమా? "పేదలు డబ్బునకు ఓట్లమ్ముకొందురు" అని తీరికగా కాఫీ త్రాగుచు మనమును వారి పేరు వాడుకొనుచునే యున్నాము. పత్రికలకు వ్యాసములు వ్రాయు మేమును ఇప్పుడొక వృద్ధురాలి కథ చెప్పితిమి. చెప్పుటకు ముందు ఆమె అనుమతి నడిగితిమి. ఆమె "పేరు వద్దు, మాట వ్రాయుడు" అన్నది. అట్లే చేసితిమి. ఆమె పేరు, ఊరు, రూపు ఈ పుటలలో లేవు.

కావున పాఠకులకు మా మనవి యిది. ఎవడైనను ప్రజల పేరు చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఏ ప్రజలు? వారిని ఎప్పుడడిగితిరి? వారు కాదనుటకు ఎక్కడ తావున్నది? మీ యింట పనిచేయువారి ఫొటో ఎవరైన అడిగిన, కాదనుటకు వారికి హక్కున్నదని చెప్పుడు. గ్రామసభ జరుగునాడు వారికి సెలవిండు. వీలైన మీరును తోడుపొండు. సోమవారమునాడు కలెక్టరు కచేరిలో అర్జీ ఇయ్యదలచినవారికి అర్జీ వ్రాసి పెట్టుడు, రసీదు తెచ్చుకొనుమని చెప్పుడు.

"నేనెవరి మనిషిని?" అని గడపలో కూర్చుండి అడిగిన ఆ తల్లికి మేమిచ్చిన సమాధానమొక్కటే: "అమ్మా, నీవెవరి మనిషివియు కావు. వారే నీ మనుష్యులు." ఆమె నమ్మలేదు. ఆమె నమ్మునట్లు చేయవలసిన భారము మన యందరిమీదను కలదు.